శనివారం ఇనుము

సిద్దిరాములు ఇంటి వాకిట్లో ఒక కారు ఉంది. ఉంది అంటే ఉంది, అంతే. రావడం, పోవడం లాంటి అలవాట్లు దానికి లేవు. షికారు కోసం తెచ్చిన కారు బేకారై, గల్లీలో పుకారై, ఇంట్లో తకరారై కూర్చుంది. హుస్నాబాద్ బస్టాండు వెనక ఎవరినైనా అడగండి, "గా బొక్కల కారు ఇల్లా?" అని వేలెత్తి చూపిస్తారు. బొక్కలంటే ఇక్కడ ఎముకలు, కోస్తా వైపు చిల్లులు. ఆ కారుకు రెండూ బయటికే కనిపిస్తాయి కనుక ఏ జిల్లావాళ్ళు ఏ అర్థం తీసుకున్నా అన్యాయం జరగదు.

కారు పేరు పద్మిని. పాత ఫియట్టు. సిద్దిరాములు సిరిసిల్లలో ఒక ఆసామి దగ్గర సాంచాల ఫిట్టరుగా పనిచేశాడు. సాంచా అంటే మరమగ్గం, ఆసామి అంటే వాటి యజమాని. ఆ ఆసామి కారే ఇది. వానాకాలం వచ్చిందంటే చాలు, పద్మిని మొరాయించేది. అప్పుడు ఆసామి లోపల, ఫిట్టరు వెనక. సిరిసిల్లలో ఉన్నన్నాళ్ళూ సిద్దిరాములు ఆ కారు వీపు చూశాడే గాని ముఖం చూడలేదు. వెనక నుంచి ముందుకు రావాలన్నదే ఆయన కోరిక. మనిషికి ప్రమోషన్ అంటే అంతకు మించి ఏముంటుంది?

అందుకే పని మానుకొని సొంతూరు చేరే రోజున, ఆసామి దొడ్లో కోళ్ళు పొదుగుతున్న ఆ కారును అడిగి మరీ తెచ్చుకున్నాడు. కోళ్ళు రాలేదు గాని వాటి వాసన వచ్చింది. "పద్మశాలి ఇంటికి పద్మిని వచ్చింది. ఇగ మా జోడీకి అడ్డెవరు?" అని ఆయన మురిసిపోతే, "అడ్డం నేనున్న" అంది భార్య శంకరవ్వ.

ఆ తర్వాత మొదలైంది మరమ్మతు. దాన్ని రెస్టొరేషన్ అంటారని సిద్దిరాములు ఫోన్లో చూసి తెలుసుకున్నాడు. రెస్టు లేని ఆపరేషన్ కాబట్టి ఆ పేరు పెట్టి ఉంటారని తనకు తానే అర్థం చెప్పుకున్నాడు. ఆ ఆపరేషన్‌కు సర్జను ఇర్షాద్. హుజూరాబాద్ రోడ్డు మీద డెంటింగ్, పెయింటింగ్ షెడ్డు ఉంది అతనికి. పన్ను పీకేవాడు డెంటిస్టు, సొట్ట పీకేవాడు డెంటరు. ఇద్దరిలో డెంటరే నయం, పీకిన తర్వాత కూడా వస్తువు మన దగ్గరే ఉంటుంది. ఇర్షాద్ షెడ్డు మూసి ఇంటికి పోతూ రోజూ ఇటు తిరిగేవాడు. ఇద్దరూ కలిసి కారును విప్పారు. విప్పడం ఎంత సుఖమో! కోపం తీర్చుకున్నట్టు నట్లు విప్పారు, బట్టలు విప్పినట్టు రేకులు విప్పారు. తుప్పు గీకారు. గీకితే తుప్పు పోయి రేకు మిగులుతుందనుకున్న చోట రేకు పోయి తుప్పు మిగిలింది. అక్కడ కొత్త రేకు కోసి అతికించారు. సొట్టలకు లోపల నుంచి సుత్తి, బయట నుంచి దిమ్మె పెట్టి మెల్లగా కొట్టారు.

"సొట్టబుగ్గ మనిషికి అందం సిద్దన్నా, మోటరుకు ఐబు" అనేవాడు ఇర్షాద్ ప్రతి దెబ్బకూ ఒకసారి. ఆపైన పుట్టీ పూసి, గరుకు కాగితంతో రుద్ది, ఎర్ర ప్రైమర్ కొట్టారు. సిద్దిరాములు చొక్కాలన్నీ ఎర్రబారాయి. ఆయన ఏ పార్టీలో చేరాడని గల్లీలో చర్చ జరిగింది.

బానెట్, ముందు సీటు, ఎడమ డోరు మొదట పూర్తయ్యాయి. సీటుకు ఆయనే సిరిసిల్ల గుడ్డతో కొత్త తొడుగు కుట్టించాడు. మూడింటినీ పెరట్లో రేకుల కొట్టంలో గోనెలు కప్పి భద్రంగా దాచి, మిగతా కారు మీద పడ్డాడు.

ఇట్లా ఉండగా బిడ్డ కావ్యకు ఆడపిల్ల పుట్టింది. పురుడు పోసుకొని తల్లిగారింట్లోనే ఉంది. పిల్లను తొట్టెల్లో వేసే పండుగ ఆదివారమని పెద్దలు పెట్టారు. ఆ మాట చెప్పిన నాడే శంకరవ్వ వాకిట్లోకి వచ్చి, కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, కారు కింద నుంచి బయటికి కనిపిస్తున్న రెండు పాదాలతో మాట్లాడింది.

"ఏమయ్యా, ఇంటున్నవా? టెంటు ఏడ ఏస్తరు?"

"వాకిట్లనే" అన్నాయి పాదాలు.

"వాకిట్ల నీ పద్మిని పండుకున్నది గదా. దాని మీద ఏస్తరా టెంటు?"

"తీస్తనే. గప్పటికి నడుస్తది."

"ఎన్ని గప్పట్లు ఇన్న! సూడు, టెంటోళ్ళు శనివారం పగటీలి వస్తరు. గంతకు ముందుగాల్నే నీ కారు దాని కాళ్ళ మీద అది బయటికి పోవాలె. గట్లనే పోవుడు గాదు, కారు లెక్క కనవడాలె. బొక్కలేసుకొని గల్లీల నిలవడితె కావ్య అత్తగారోళ్ళు ఏమనుకుంటరు? లేదంటవా, పాత ఇనుము కొనే కబాడి నాగరాజుకు చెప్పిన. శనివారం పొద్దుగాల ట్రాలీ తెస్తడు. ముక్కలు జేసి కొంచవోతడు."

పాదాలు రెండూ ఒకదానికొకటి దగ్గరగా జరిగాయి.

ఆ వారమంతా సిద్దిరాములు అన్నం కారు కిందే తిన్నాడు. చక్రాలు ఎక్కాయి, బ్రేకులు పట్టాయి, రేడియేటరులో నీళ్ళు నిలిచాయి. గురువారం పొద్దుగూకే వేళ ఇర్షాద్ తాళం తిప్పగానే ఇంజను ఒకసారి దగ్గి, రెండోసారి తుమ్మి, ఆ తర్వాత గొంతు సర్దుకొని మోగింది. లోపల కావ్య ఒళ్ళో పాప ఉలిక్కిపడి ఏడ్చింది. సిద్దిరాములు కూడా ఏడ్చాడు గాని, కళ్ళలో పొగ పడిందన్నాడు.

"బస్! ఇగ మూడు సామాన్లు బిగిస్తే దుల్హన్ తయార్, పెండ్లిపిల్ల లెక్క" అన్నాడు ఇర్షాద్. "తీస్కరా అన్నా."

సిద్దిరాములు ఒక్క ఉరుకులో కొట్టంలోకి పోయాడు. గోనెలున్నాయి. గోనెల కింద ఇంకా గోనెలున్నాయి.

"శంకరవ్వా! బానెట్ ఏదే?"

"రామవ్వ కొంచవోయింది."

"కొంచవోవుడేంది? అదేమన్న చాటనా?"

"చాటనే అడిగింది. సరిపోలే. ఈయేడు వడియాలు ఎక్కువ పెట్టుకుంటున్నదట."

"మరి సీటు?"

"హనుమండ్లు హోటల్ల బల్ల ఇరిగింది. చాయ తాగెటోళ్ళు కింద వడుతుండ్రంటె పాపం అనిపియ్యదా?"

"డోరు? డోరన్న ఉంచినవా?"

"రాజం మేకల దొడ్డికి తలుపు లేదు. నీ తలుపుకు కారు లేదు. ఇద్దరికి కలిసొచ్చింది."

సిద్దిరాములు గోనె మీదే కూలబడ్డాడు. ఒళ్ళంతా అతికించి నిలబెట్టిన కారు, ఊళ్ళో మూడు ఇళ్ళకు కాపురానికి పోయిందన్నమాట.

"నన్ను అడగద్దానే?"

"అడిగేటందుకు నువ్వు ఏడ దొరికినవు? ఎప్పుడు జూసినా కాళ్ళే. కాళ్ళనడిగి ఇయ్యాల్నా?"

ఇర్షాద్ గడ్డం గోక్కున్నాడు. "అరె ఫికర్ ఎందుకు? గల్లీలనే ఉన్నయ్ గదా. పోయి తెచ్చుకుందాం. చలో."

అక్కడే పొరపాటు జరిగింది. ముఖం కడుక్కొని, చొక్కా మార్చుకొని, రామవ్వ ఇంటికి చేరేసరికి ఆమె గూట్లో దీపం పెట్టి అప్పుడే వాకిట్లోకి వచ్చి కూర్చుంది. రామవ్వ ఆ గల్లీకంతటికీ పెద్దది. ఆమె వయసెంతో ఆమెకే తెలియదు, మిగతావాళ్ళకు అడిగే ధైర్యం లేదు.

"అవ్వా, నా బానెట్ కావాలె" అన్నాడు సిద్దిరాములు.

"దీపం పెట్టినంక ఇంట్ల వస్తువు బయటికియ్యరు బిడ్డా. లచ్చిమి ఎంబడే వోతది."

"నాదే గదా అవ్వా అది!"

"నీదైతె నీ ఇంట్లుండాలె. నా ఇంట్ల ఉన్నంక నా దీపం దాన్ని జూసింది. రేపు రా."

రేపు శుక్రవారం. శుక్రవారం పొద్దున్నే హనుమండ్లు హోటలుకు పోతే అతను గల్లాపెట్టెకు అగరుబత్తి తిప్పుతున్నాడు. సీటు మీద నలుగురు ముసలాళ్ళు పక్కపక్కన కూర్చొని, స్ప్రింగుల మీద కొద్దికొద్దిగా ఊగుతూ చాయ్ ఊదుకుంటున్నారు. అంత సుఖం వాళ్ళకు ఇంట్లో మంచం మీద కూడా దొరికినట్టు లేదు.

"సిద్దన్నా, నీకు ఇయ్యకుండ ఎవలకిస్త? గని శుక్రారం దుక్నంల సామాను తీసిస్తరానే? బోణీ గూడ కాలే" అన్నాడు హనుమండ్లు.

రాజం ఇంకో మెట్టు పైకి పోయాడు. దొడ్డి ముందు నిలబడి, కారు డోరు అద్దం సందులోంచి తల బయటపెట్టిన మేకపోతును నిమురుతూ, "శుక్రారం ఎవడన్న ఇంటి తలుపు పీకి ఇస్తడా అన్నా? మీకు లచ్చిమి ఫోటోల ఉంటది. నాకు గీ దొడ్లె ఉంటది. రేపు పొద్దుగాల వచ్చి పట్కపో" అన్నాడు. మేకపోతు కూడా తల ఊపింది. ఎవరో పెద్దమనిషి వెనక సీట్లోంచి సెలవు తీసుకుంటున్నట్టే ఉంది దాని వాలకం.

రేపు రమ్మన్న రామవ్వ కూడా శుక్రవారం పేరు చెప్పి ఇంకో రోజు జరిపింది. సరే, ముగ్గురూ శనివారం ఇస్తామన్నారు. సిద్దిరాములు ఈల వేసుకుంటూ ఇంటికి వచ్చాడు. శనివారం తెల్లవారగానే తెచ్చి బిగిస్తే నాగరాజు వచ్చేలోపు పని అయిపోతుంది. ఆ మాటే శంకరవ్వతో అన్నాడు. ఆమె బియ్యంలో రాళ్ళు ఏరడం ఆపింది.

"శనివారమా? శనివారం ఇనుము ఇంట్లకు రావద్దు."

ఈల ఆగిపోయింది.

"ఇనుమంటె ఇనుమేనానే? అది కారు..."

"కారు దేంతోని జేస్తరు, పిండితోనా? శనివారం ఇనుము ఎంబడి శని వస్తడు. మామూలు ఇల్లయితె ఏమో అనుకుందు. ఇంట్ల బాలెంత ఉన్నది, పసిపిల్ల ఉన్నది. గడప దాటనియ్య."

"మరి నాగరాజును శనివారం ఎందుకు రమ్మన్నవే?"

"శనివారం ఇనుము రావద్దు. పోవచ్చు. పోతె ఇంకింత మంచిది. అందుకే గా పొద్దు జెప్పిన."

"సీటు ఇనుము గాదు గదా, గుడ్డ!"

లోపల నుంచి కావ్య గొంతు వినిపించింది. "బాపూ, లోపల స్ప్రింగులుంటయ్ గదా?"

తండ్రి వైపు మాట్లాడబోయిన పిల్ల తల్లి వైపు సాక్ష్యం చెప్పి ఊరుకుంది. సిద్దిరాములు వాకిట్లోకి వచ్చి, కారు లోపల సీటు ఉండవలసిన చోట ఒక బకెట్టు బోర్లించుకొని, దాని మీద కూర్చొని స్టీరింగు పట్టుకున్నాడు. గురువారం దీపం అడ్డుపడింది. శుక్రవారం లక్ష్మి అడ్డుపడింది. శనివారం శని కాచుకొని ఉన్నాడు. ఇంతమంది దేవతలు ఒక పెద్ద రథం మీద కూడా ఎక్కరు, తన ఫియట్టు మీద ఎక్కి కూర్చున్నారు.

ఎండ వాలింది. శంకరవ్వ చాయ్ గ్లాసు తెచ్చి, డోరు లేని వైపు నుంచి లోపలికి అందించింది. ఆయన తీసుకోలేదు.

"చాయ తాగు. సల్లారుతది."

"నాగరాజు వచ్చినప్పుడు నన్ను గూడ తూకమెయ్యుమను."

"నిన్ను ఎవడు కొంటడు? నీ ఒంట్ల ఇనుమే లేదని డాక్టరు గోలీలు రాసిచ్చె."

సిద్దిరాములుకు నవ్వొచ్చింది. కోపంలో ఉన్నప్పుడు నవ్వొస్తే మనిషి ఓడిపోయినట్టే. గ్లాసు అందుకున్నాడు. శంకరవ్వ వెంటనే పోలేదు. మడ్‌గార్డు మీద చేయి వేసి నిలబడింది. ఎన్ని నెలలు గీకించుకుందో ఆ రేకు, చేతి కింద కొత్త సబ్బుబిళ్ళలా నున్నగా తగిలింది.

"నేనేమన్న కోరిపట్టి జేస్తున్ననా?" అంది. "ఇంట్లకు రావద్దని పెద్దలు వెట్టిండ్రు. నేను వెట్టిన్నా?"

సిద్దిరాములు చాయ్ గుక్క మధ్యలో ఆగాడు. ఏదో మెలిక విప్పేటప్పుడు నట్టు కదిలినట్టు, లోపల ఒకటి కదిలింది.

"ఇంట్లకేనా రావద్దన్నది?"

"ఇంట్లకే."

"మన గడప దాటి?"

"మన గడప దాటే."

"మరి సడక్ మీద?"

శంకరవ్వ ఆయన వైపు చూసింది. ఆ పైన కారు వైపు చూసింది. ఆ పైన గేటు వైపు చూసింది. "సడక్ మా అత్తగారిదా? నాకేం ఎరుక?" అని, ఖాళీ గ్లాసు తీసుకొని లోపలికి పోయింది. పోతూ పోతూ వాకిట్లో దారికి అడ్డంగా ఉన్న రోకలిని పక్కకు జరిపింది.

శనివారం పొద్దున్నే గల్లీ అంతా చీపుర్లు ఆపి నిలబడి చూసింది. పద్మిని బయటికి వచ్చింది! బానెట్ లేక ఇంజను పేగులన్నీ పైకి కనబడుతున్నాయి. ఒక వైపు డోరు లేదు. లోపల సిద్దిరాములు నీలం బకెట్టు మీద నిటారుగా, దొరలా కూర్చొని ఉన్నాడు. ముందు ఇర్షాద్ చేతిలో పానాల సంచితో, "హటో, హటో! జరుగుండ్రి! జచ్చా-బచ్చా, బాలెంత-పసిపిల్ల ఉన్న ఇంటి బండి!" అని అరుస్తూ నడుస్తున్నాడు. వెనక శంకరవ్వ, ఏ ముక్కైనా పొరపాటున వెనక్కి తిరిగి గేటు దాటుతుందేమోనని కావలి కాస్తున్నట్టు నడుస్తోంది. సామాను కారు దగ్గరికి రాకూడదు, సరే. కారే సామాను దగ్గరికి పోతే ఏ దేవుడు కాదంటాడు?

మొదటి మజిలీ హోటలు. బకెట్టు ఎంత గట్టిదో సిద్దిరాములుకు ఆ కొద్ది దూరంలోనే తెలిసివచ్చింది కాబట్టి సీటే ముందు. కానీ సీటు మీద నలుగురు ముసలాళ్ళూ ఉన్నారు, లేవనంటున్నారు.

"మేం గూసున్నంకనే గదా గీ సీటు మెత్తవడ్డది? మా మెహనత్ ఏమైతది?" అని ఒకాయన.

"తాతా, లేవుండ్రి, రేపు సిద్దన్న మిమ్ముల గూడ తిప్పుతడు" అన్నాడు ఇర్షాద్. వాళ్ళు లేచారు. ఈ హామీ ఎవరు ఇచ్చారో, ఎవరు నెరవేర్చాలో అడిగే తీరిక సిద్దిరాములుకు లేదు. సీటు బిగించగానే హనుమండ్లు పరుగున వచ్చి, కాగితంలో కట్టిన వేడి మిర్చి బజ్జీలు దాని మీద పెట్టాడు.

"ఇదెందుకు?"

"బదులు తెచ్చిన వస్తువు ఉత్తగ వాపసియ్యరు గదా సిద్దన్నా."

నిజమే. ఆ గల్లీలో గిన్నె చేబదులు తెస్తే ఖాళీగా తిరిగి పోదు. పిడికెడు బియ్యమో, చెంచా చక్కెరో, ఏదో ఒకటి అడుగున ఉండాల్సిందే. గిన్నెకున్న మర్యాద సీటుకు ఎందుకు ఉండదు?

రెండో మజిలీ రాజం దొడ్డి. డోరు ఊడదీయగానే మేకలు ఎన్నికల ఫలితాలు వచ్చాక పార్టీ మారేవాళ్ళలా బయటికి దూకబోయాయి. రాజం లోపలికి పోయి తన మంచం తెచ్చి అడ్డం నిలబెట్టాడు.

"ఇయ్యాల నేనేడ పండాలె వదినా?" అన్నాడు శంకరవ్వతో.

"మంచం ఏడుంటె ఆడ పండు. అలవాటైన జాగనే గదా" అంది శంకరవ్వ.

ఇర్షాద్ కబ్జాలు, అంటే మడతబందులు, పెట్టి బోల్టులు బిగించాడు. డోరు వేసి చూశాడు. 'ఠక్'మంది. ఇనుము ఇనుములో ఇమిడిన చప్పుడు. సిద్దిరాములు మళ్ళీ తీయించి మళ్ళీ వేయించాడు. మళ్ళీ 'ఠక్'. ఆ చప్పుడుకు ఆయన ముఖం అచ్చం తొట్టెల్లో పిల్ల ముఖంలా అయింది. ఈలోగా రాజం చెంబు నిండా మేకపాలు తెచ్చాడు. ఉత్తగా ఇవ్వడు కదా! డోరు మీద పెడితే ఒలుకుతాయి, సీటు మీద పెడితే బజ్జీలున్నాయి.

"ఎవలన్న పట్కోవాలె" అన్నాడు ఇర్షాద్, శంకరవ్వ వైపు చూడకుండా.

శంకరవ్వ చెంబు అందుకుంది. చెంబుతో నడిస్తే ఒలుకుతుంది. కాబట్టి కొంగు దోపి, కొత్తగా బిగించిన డోరు తెరిచి, కూర్చుంది. "పాలు ఒలుకుతయని కూసున్న. ఇంకో ముచ్చట మనసుల వెట్టుకోకు" అంది. సిద్దిరాములు ఏ ముచ్చటా పెట్టుకోలేదు. గేరు వేయడం మర్చిపోయి కాసేపు ఊరికే యాక్సిలరేటరు తొక్కాడు, అంతే.

మూడో మజిలీ రామవ్వ. ఆమె మిద్దె మీద బానెట్ వెల్లకిలా కాదు, బోర్లా ఉంది. దాని మీద తెల్లటి పాత చీర పరిచి ఉంది. చీర నిండా సగ్గుబియ్యం వడియాలు, ఒకదాని పక్కన ఒకటి, తడితడిగా మెరుస్తున్నాయి.

"అవ్వా!" అన్నాడు సిద్దిరాములు, బానెట్ వైపు వేలు చూపిస్తూ.

"ఇస్తనంటి గదా, పట్కపో."

"వడియాలు?"

"పొద్దుగాల్నే పెట్టిన. పచ్చిగున్నయ్. ఇప్పుడు తీస్తె గట్క లెక్క ముద్దయితయ్."

"మరి ఎట్ల అవ్వా? నాగరాజు వస్తుండు..."

"వడియాలను ముట్టుకోకు. బానెట్‌ను పట్కపో" అంది రామవ్వ, ఇందులో ఏం చిక్కు ఉందో అర్థం కానట్టు. "ఉత్తగ ఇయ్యద్దు గదా బిడ్డా. నేను నిండుగనే ఇస్తున్న. గని వడియాలు నావి. ఎండేదాక నేను ఎంబడే ఉంట."

ఇర్షాద్, రాజం, హోటలు నుంచి తమాషా చూడ్డానికి వచ్చిన ముసలాళ్ళలో ఇద్దరు, తలా ఒక మూల పట్టారు. అంతా బోనం ఎత్తినంత భక్తిగా, ఒక్క వడియం పక్కకు జరగకుండా ఆ బానెట్‌ను మెట్లు దింపారు. దించేటప్పుడు ఎవరైనా తుమ్మబోతే రామవ్వ చూపుకే తుమ్ము లోపలికి పోయింది. కారు మీద పెట్టి ఇర్షాద్ కింద నుంచి దూరి బోల్టులు బిగించాడు. చీర కొసలను బట్టల క్లిప్పులతో వైపర్లకు, అద్దం అంచులకు పట్టించారు. ఎర్ర ప్రైమర్ మీద తెల్లచీర, దాని మీద ముత్యాల్లా వడియాలు. దుల్హన్ తయారవుతుందని ఇర్షాద్ అన్నాడు గాని, ముసుగు కూడా వేసుకొని వస్తుందని అతనూ అనుకోలేదు.

రామవ్వ వెనక సీట్లోకి ఎక్కి, ముందు సీటు మీదుగా తల పెట్టి, కళ్ళు వడియాల మీద నిలిపింది. "మెల్లగ తోలు. ఎగిరితె నీదే పాపం."

కదిలింది పద్మిని. పైన ఎండ, కింద ఇంజను వేడి. గల్లీ మధ్యకు వచ్చేసరికి వడియాల అంచులు అప్పుడే తెల్లబడుతున్నాయి. రామవ్వ వంగి చూసి నోరు తెరిచింది. "ఓయమ్మో! మిద్దె మీద రెండు దినాలు వడుతుండె. గిదేదో మంచిగున్నది సిద్దిరాములూ. రేపు అప్పడాలు పెడ్త."

అప్పుడు ఎదురైంది ట్రాలీ ఆటో. కబాడి నాగరాజు! వెనక గ్యాస్ కట్టరు, సుత్తెలు, తాళ్ళు. గల్లీ ఇరుకు. రెండు బండ్లు ముక్కులు ఆనించుకున్నంత దగ్గరగా ఆగాయి.

"వెనక్కి తీయి అన్నా, ఆటోకు దారి ఇద్దాం" అన్నాడు ఇర్షాద్ కిటికీ దగ్గరికి వచ్చి.

సిద్దిరాములు గేరు కదిపాడు. ముందుకు పడుతుంది గాని వెనక్కి పడటం లేదు. ఇర్షాద్ తల లోపల పెట్టి చూసి, నాలుక కరుచుకున్నాడు. "రివర్సుకు రాడ్డు కలుపుడు మర్చిన అన్నా. ముందుకు పోవుడు ఫికర్ల వెనక్కి యాది లేదు."

నాగరాజు ఆటో దిగి వచ్చాడు. మనిషి మంచివాడే గాని, ఇనుము కనిపిస్తే కళ్ళతోనే తూకం వేస్తాడు. కారును ముందు నుంచి వెనక దాకా తూచి, లోపల కూర్చున్న శంకరవ్వను చూసి ఆగాడు.

"చిన్నమ్మా, పాత కారు కొంచవొమ్మని జెప్తివి. ఇదేనా? ఈడనే కొయ్యాల్నా, ఇంటి కాడనా?"

గల్లీ గల్లీ అంతా దగ్గరికి జరిగింది. సిద్దిరాములు ముందుకే చూస్తున్నాడు. పక్కకు తిరిగే ధైర్యం లేదు. ఆమె పెట్టిన షరతు ప్రకారం కారు బయటికి వచ్చింది, నిజమే. కారులాగా కూడా కనిపిస్తోంది, ముసుగేసుకున్న కారులాగా. కానీ ఆమె 'ఇదే' అన్న ఒక్క మాట అంటే చాలు, ఈ ఇనుము ఇక ఆయనది కాదు.

శంకరవ్వ ఒక బజ్జీ కొరికి, నమిలి, మింగింది. ఒళ్ళో చెంబు సర్దుకుంది.

"కండ్లు మంచిగ కనవడతలేవా నాగరాజూ? వడియాలు ఎండవెడుతున్నం. వడియాలు ఎండవెట్టే బండిని ఎవలన్న కబాడికేస్తరా?"

"మరి పాత కారు?"

"మా ఇంట్ల పాత కారు లేదు. నమ్మకుంటె పోయి సూస్కో. ఆటో వెనక్కి తీయి ముందుగాల."

"నేను వెనక్కా? మీరే జర..."

"జరిగేటట్టుంటె నిన్నెందుకు అడుగుదుము?" వెనక సీట్లోంచి రామవ్వ గొంతు ఉరిమింది. "తీయి బిడ్డా! గీ నీడల నిలవెట్టినవు, పచ్చి వట్టుకపోతయ్!"

నాగరాజు తల గోక్కుంటూ ఆటో ఎక్కాడు. గల్లీ మలుపు దాకా, దారి పొడవునా హారన్ కొట్టుకుంటూ వెనక్కి వెనక్కి పోయాడు. వెనకే ముందుకు ముందుకు పద్మిని. చూసేవాళ్ళకు ఆటో భయపడి పారిపోతుంటే వడియాలు తరుముతున్నట్టు ఉంది.

మలుపు దగ్గర టెంటువాళ్ళ బండి సిద్దిరాములు ఇంటి వైపు తిరుగుతూ కనిపించింది. వాకిలి ఖాళీ. శంకరవ్వ దాన్ని చూసి తృప్తిగా తల ఊపింది. ఇర్షాద్ తన షెడ్డుకు ముందు పోయి నీడలో జాగా చేస్తానని ఎవరిదో సైకిలెక్కాడు.

"షెడ్డుల పెట్టి ఇంటికి వోదామా?" అన్నాడు సిద్దిరాములు.

"ఇంట్ల టెంటోళ్ళు గుంజలు కొడుతుంటరు. పోయి ఏంజేస్తం?" అంది శంకరవ్వ. "గీ పాలు ఇరిగేటట్టున్నయ్. బస్టాండు కాడ మా సక్కుబాయక్క ఇల్లున్నది గదా, ఆడ కాచిపిచ్చుకుందాం. తోలు."

"ఆపకు బిడ్డా" అంది రామవ్వ. "ఆపితె ఈగలు వాల్తయ్."

సిద్దిరాములు మొదటి గేరులోనే, మనిషి నడక కంటే నెమ్మదిగా, ఎండ ఎటు ఉంటే అటు పోనిచ్చాడు. హుజూరాబాద్ రోడ్డు ఎక్కగానే శంకరవ్వ రెండో బజ్జీ తుంచి, రోడ్డు మీద నుంచి ఆయన చూపు మరలకుండా, సగం ఆయన నోట్లో పెట్టింది.